పంటి డాక్టరు చదువుకు ఏ కాలేజీ? అమెరికా నల్లవాళ్ళ చరిత్ర చెప్పే జవాబు

సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. పళ్ళను బట్టి వయసు కడతాడు, వయసును బట్టి ధర కడతాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిస సంతల్లో మనుషుల నోళ్ళు కూడా ఇట్లాగే తెరిచి చూశారు. చూడటంతో ఆగలేదు కూడా. జార్జి వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్ పద్దుల పుస్తకంలో 1784 మే నెలలో ఒక ఖర్చు కనబడుతుంది: తొమ్మిది పళ్ళకు గాను నీగ్రోలకు ఇచ్చింది ఆరు పౌన్ల రెండు షిల్లింగులు. ఒక ఫ్రెంచి దంతవైద్యుడి తరఫున రాసిన ఖర్చు అది. ఆ పళ్ళు చివరికి ఎవరి నోట్లో కూర్చున్నాయన్నది పక్కన పెడదాం. బానిస నోరు కూడా యజమానికి గని లాంటిదేనని ఆ పద్దు చెబుతుంది. స్వతంత్రం కోసం యుద్ధం గెలిచిన సేనాపతి ఇంటి లెక్క అది.

ఆ నోళ్ళవాళ్ళ పిల్లలే డెంటిస్టులు కావాలనుకున్నప్పుడు ఏం జరిగింది? ఏ కాలేజీకి పోయారు? ఏ కాలేజీ రానిచ్చింది? మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ చరిత్ర. అమెరికాలో దంతవైద్యం చదవాలంటే మన దగ్గర లాగా ఇంటర్ కాగానే పోవడం కుదరదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ డెంటల్ కాలేజీ. కాబట్టి పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లకో పిల్లాడికో మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ డిగ్రీ కాలేజీలో చేరాలన్నది. ఉన్నోళ్ళ ఇళ్ళల్లో దీనికి జవాబు సులువు: పేరున్న కాలేజీ, మంచి మార్కులు, డబ్బు. లేనోళ్ళకు, తలుపుల బయట నిలబెట్టబడినోళ్ళకు ఈ ప్రశ్న ఎప్పుడూ ఇంత తేలిక కాలేదు. వాళ్ళకు కాలేజీని ఎంచుకోవడమంటే మూడు సంగతులు తేల్చుకోవడం: ఎవరు రానిస్తారు, ఎవరు డబ్బు కడతారు, చేరినవాళ్ళను పట్టా చేతికొచ్చేదాకా ఎవరు నిలబెడతారు. నూటయాభై ఏళ్ళ చరిత్ర ఈ మూడింటి చుట్టూనే తిరిగిందని మా అభిప్రాయం.

ప్రపంచంలో మొదటి డెంటల్ కాలేజీ 1840లో బాల్టిమోర్‌లో పెట్టారు. బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ అప్పటికి బానిస రాష్ట్రం. నల్లవాళ్ళు ఆ నగరంలో పళ్ళు పీకించుకున్నారు, ఆ కాలేజీ గుమ్మం మాత్రం వాళ్ళది కాదు. ఆ రోజుల్లో డెంటల్ కాలేజీలో చేరడానికి డిగ్రీ అక్కర్లేదు. ఎవరైనా డెంటిస్టు దగ్గర పనికి కుదిరి, పనిముట్లు కడిగి, దంతాల అచ్చులు పోసి, చూసి చూసి నేర్చుకోవడమే తొలి చదువు. మన కంసాలి కొలిమి దగ్గర కుర్రవాడు నేర్చుకున్నట్టే. అంటే తలుపు కాలేజీ దగ్గర లేదు, ఒక తెల్ల డెంటిస్టు వర్క్‌షాపు దగ్గర ఉంది. ఆ తెల్లాయన మనసు మెత్తగా ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు.

రాబర్ట్ టానర్ ఫ్రీమన్ అట్లాంటి తలుపు దొరికినవాడు. 1846లో వాషింగ్టన్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసలుగా బతికి, తమ స్వేచ్ఛను తామే కొనుక్కున్నవాళ్ళు. హెన్రీ బ్లిస్ నోబుల్ అనే తెల్ల డెంటిస్టు దగ్గర పనికి కుదిరాడు. డెంటల్ కాలేజీలో చేరమని ప్రోత్సహించింది ఆ నోబులే. ఫ్రీమన్ రెండు కాలేజీలకు దరఖాస్తు చేస్తే రెండూ జాతి పేరు చెప్పి తిప్పి పంపాయి. 1867లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా డెంటల్ స్కూలు తెరిచింది. దాని తొలి డీన్ నేథన్ కూలీ కీప్ ఫ్రీమన్ దరఖాస్తును గట్టిగా సమర్థించాడు. 1869లో ఆ స్కూలు నుంచి బయటికొచ్చిన తొలి బ్యాచి ఆరుగురిలో ఫ్రీమన్ ఒకడు. అమెరికాలో దంతవైద్యంలో పట్టా పొందిన మొదటి నల్లవాడు. ఊరికి తిరిగొచ్చి వాషింగ్టన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. 1873లో చనిపోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. (అదే 1873లో పూణేలో జోతిబా ఫూలే 'గులాంగిరి' అచ్చువేసి, నల్లవాళ్ళ బానిసత్వాన్ని తొలగించడంలో పాటుబడిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరి పనిని ఇట్లా పక్కపక్కన పెట్టి చూసుకోవడం మనకు అవసరం.)

ఫ్రీమన్ వెనకే 1870లో జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంట్ హార్వర్డ్ డెంటల్ స్కూలు పట్టా తీసుకున్నాడు. చిన్నప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో తన ఊరి డెంటిస్టు దగ్గర చిల్లర పనులు చేసే కుర్రవాడిగా చేరి, తర్వాత అక్కడే ప్రయోగశాలలో పని నేర్చుకున్నాడు. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన తొలి నల్ల అధ్యాపకుడు ఆయనే. అంగుడు చీలి పుట్టినవాళ్ళకు కృత్రిమ అంగుడు అమర్చడంలో పేరు తెచ్చుకున్నాడు. 1899లో గోల్ఫ్ బంతిని నిలబెట్టే చెక్క పుల్లకు పేటెంటు తీసుకున్నది కూడా ఈయనే. ఆ పుల్ల సంగతి తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, అంగుడు సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఆడవాళ్ళలో ఐడా గ్రే కథా ఇదే దారి. 1867లో టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. తల్లిని పోగొట్టుకుని సిన్సినాటిలో పెరిగింది. నల్లపిల్లల కోసం నడిచిన గెయిన్స్ హైస్కూల్లో చదివింది. చదువుకుంటూనే జోనథన్ టాఫ్ట్ అనే డెంటిస్టు ఆఫీసులో పనిచేసింది. డెంటల్ కాలేజీల్లో ఆడవాళ్ళు చదవాలని వాదించినవాడు టాఫ్ట్. మిషిగన్ విశ్వవిద్యాలయం డెంటల్ కాలేజీకి మొదటి డీన్ కూడా ఆయనే. ఐడా గ్రే అదే కాలేజీలో చేరి 1890లో పట్టాతో బయటికొచ్చింది. అమెరికాలో దంతవైద్య పట్టా పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

ఈ ముగ్గురి ప్రతిభను తగ్గించడం మా ఉద్దేశం కాదు. కానీ ముగ్గురి కథలోనూ ఒక దయగల తెల్లాయన ఉన్నాడు. దయ మీద ఆధారపడిన దారిలో ఒకరిద్దరు పోగలరు, ఒక జాతి పోలేదు. మన దగ్గర కూడా మంచి మేష్టారు ఒకాయన చేరదీస్తే పైకొచ్చిన దళిత పిల్లల కథలు ఊరికొకటి ఉంటాయి. ఆ కథలు చెప్పుకున్నప్పుడల్లా, ఆ మేష్టారు లేని ఊళ్ళో ఏమైందో కూడా అడగాలి కదా!

ఆ ప్రశ్నకు నల్లవాళ్ళు సంస్థలతో జవాబు చెప్పారు. అంతర్యుద్ధం ముగిశాక 1867లో వాషింగ్టన్‌లో పెట్టిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1881లో దంతవైద్యం మొదలైంది. నాష్‌విల్‌లో 1876లో మొదలైన మెహారీ వైద్య కళాశాలలో 1886లో మొదలైంది. ఈ రెండు పేర్లనూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దక్షిణ రాష్ట్రాల్లో నల్లపిల్లలకు తెల్ల డెంటల్ కాలేజీల గుమ్మాలు మూసి ఉన్న కాలమంతా నల్ల డెంటిస్టుల్లో అత్యధికులు ఈ రెండు చోట్ల తయారైనవాళ్ళే. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు 'వేరువేరుగా, కానీ సమానంగా' అన్న సూత్రాన్ని చట్టం చేసి పెట్టింది. వేరు చేయడం వరకు రాష్ట్రాలు శ్రద్ధగా పాటించాయి. సమానం మాట ఎవరికీ గుర్తుండలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో దారి మారింది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్య కళాశాలల మీద నివేదిక రాశాడు. ఆనాటికి ఏడు నల్ల వైద్య కళాశాలలు ఉంటే, తర్వాతి పదిహేనేళ్ళలోపే హోవర్డ్, మెహారీ తప్ప మిగతావన్నీ మూతబడ్డాయి. 1926లో విలియం గీస్ దంతవైద్య విద్య మీద అట్లాంటి నివేదికే ఇచ్చాడు. డెంటిస్టు చేతిపనివాడు కాదు, వైద్యుడితో సమానం, కాబట్టి డెంటల్ కాలేజీకి వచ్చేముందు కనీసం రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో విజ్ఞానశాస్త్రాలు చదివి రావాలన్నాడు. మాట మంచిదే. డబ్బు కోసం నడిచే దొంగ కాలేజీలను ఆ నివేదిక కడిగిపారేసింది. కానీ మంచి మాట ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి. వర్క్‌షాపు దగ్గర ఉన్న తలుపు జరిగి జరిగి డిగ్రీ కాలేజీ దగ్గరికి వచ్చింది. పళ్ళ డాక్టరు కావాలనుకున్న నల్లపిల్లకు ఇప్పుడు రసాయనశాస్త్రం ప్రయోగశాల ఉన్న డిగ్రీ కాలేజీ కావాలి. దక్షిణాదిలో హైస్కూలు దొరకడమే కష్టమైన రోజుల్లో! ప్రమాణాలు పెంచినప్పుడు ఆ ప్రమాణాలను అందుకునే మెట్లు కూడా కట్టకపోతే, ప్రమాణం గోడైపోతుంది. మన దగ్గర మెరిట్ పేరుతో జరిగే వాదనలన్నిటికీ మూలం ఇక్కడుంది.

గోడకు మెట్లు కట్టింది నల్ల డిగ్రీ కాలేజీలే. టల్లడెగా, ఫిస్క్, ఆల్కార్న్, ఫ్లోరిడా ఏ అండ్ ఎం, సెయింట్ ఆగస్టీన్స్, లింకన్... ఈ పేర్లు మన పత్రికల్లో కనబడవు. విదేశీ చదువు అనగానే మన ఇళ్ళల్లో హార్వర్డ్ పేరు తెలుసు, స్టాన్‌ఫర్డ్ పేరు తెలుసు. చర్చి సంఘాలు పెట్టినవీ, రాష్ట్ర ప్రభుత్వాలు అరకొర డబ్బుతో నడిపినవీ అయిన ఈ కాలేజీల్లో మైక్రోస్కోపులు తక్కువ. పిల్లల్ని వదలని పంతుళ్ళు ఎక్కువ.

బెస్సీ డిలేనీ సంగతి చూడండి. తండ్రి హెన్రీ బియర్డ్ డిలేనీ బానిసగా పుట్టి, చదువుకుని, నార్త్ కరోలినాలోని రాలీలో సెయింట్ ఆగస్టీన్స్ స్కూలుకు వైస్ ప్రిన్సిపాల్ అయ్యాడు, తర్వాత బిషప్ అయ్యాడు. పదిమంది పిల్లలు ఆ ఆవరణలోనే పెరిగారు. బెస్సీ అక్కడే చదివి, చదువు కాగానే పల్లెటూళ్ళలో టీచరుగా పనిచేసింది. పై చదువుకు డబ్బు కూడబెట్టుకోవాలి కదా. ఎవరిచ్చినా ఉచితంగా తీసుకుంటే వాళ్ళకు రుణపడి ఉండాల్సొస్తుందని తండ్రి మాట. ఏళ్ళు పట్టింది. న్యూయార్క్ వెళ్ళేసరికి అక్కడో పెద్ద డెంటల్ కాలేజీ ఆడవాళ్ళను తీసుకోదు. కొలంబియా విశ్వవిద్యాలయం తీసుకుంది. 1919లో చేరింది. తరగతిలో ఆడవాళ్ళు పదకొండుమంది, వాళ్ళల్లో నల్లమనిషి ఆమె ఒక్కతే. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ చదివిన విశ్వవిద్యాలయం ఇదే. ఆయన నడిచిన మూడేళ్ళకు ఈమె నడిచింది.

ఆ కొలంబియాలోనే ఒక ప్రొఫెసరు బెస్సీ చేసిన ప్రాక్టికల్ పనిని ఫెయిల్ చేశాడు. పనిలో లోపం లేదని ఆమెకు తెలుసు. తోటి తెల్లమ్మాయి ఒకామె అదే వస్తువును తన పేరుతో తీసుకుపోయి చూపించింది. అదే ప్రొఫెసరు పాస్ చేశాడు. బెస్సీ, ఆమె అక్క సేడీ నూరేళ్ళు దాటాక తమ జీవితాన్ని చెప్పుకున్న పుస్తకం 1993లో వచ్చింది. ఈ సంగతి అందులో ఉంది. ప్రాక్టికల్ మార్కుల గురించి మన మెడికల్, డెంటల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన దళిత విద్యార్థులకు కొత్తగా చెప్పేదేం లేదు. రాతపరీక్షలో పేరు కనబడదు, ప్రాక్టికల్లో మనిషి కనబడతాడు, వైవాలో ఇంటిపేరు అడుగుతారు. ర్యాంకుల పుస్తకంలో ఏ కాలేజీ ఎక్కడుందో ఉంటుంది, ఏ కాలేజీలో ఈ ప్రొఫెసరు ఉన్నాడో ఉండదు. అయినా బెస్సీ డిలేనీ 1923లో పట్టా తీసుకుని హార్లెంలో బోర్డు కట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన రెండో నల్లజాతి మహిళా డెంటిస్టు. 1950లో పని మానుకునేదాకా ఫీజు పెంచలేదు.

ఇక డబ్బు ఎవరు కట్టారన్న సంగతికి వద్దాం. ఇది వింటే మన పాఠకులకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. దక్షిణాది రాష్ట్రాల సర్కార్లు నల్ల విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాయి. ఎందుకు? తమ రాష్ట్రంలో చదవకుండా పక్క రాష్ట్రానికి పోవడానికి! తెల్ల కాలేజీలో చేర్చుకోనక్కర్లేకుండా, 'చదువు చెప్పించాం' అన్న మాట దక్కేట్టు. మిస్సోరిలో లాయడ్ గెయిన్స్ అనే యువకుడు లా కాలేజీ సీటు కోసం దీని మీద కోర్టుకెక్కాడు. బయటికి పంపి డబ్బు కడితే సమానత్వం కాదని 1938లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు గెలిచిన గెయిన్స్ 1939లో మాయమైపోయాడు, ఇప్పటిదాకా జాడ లేదు. తీర్పు తర్వాత కూడా పద్ధతి ఆగలేదు. వేషం మార్చుకుంది. 1948లో మెహారీ డబ్బుల్లేక కూలిపోయే స్థితికొస్తే, దక్షిణాది గవర్నర్లు కలిసి ప్రాంతీయ ఒప్పందం ఒకటి కుదుర్చుకున్నారు. తలా కొంత కట్టి తమ నల్ల విద్యార్థుల్ని మెహారీకి పంపుకోవచ్చు. ఇది వేర్పాటును బతికించుకునే ఎత్తుగడ అని నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సీ.పీ. వ్యతిరేకించింది. మెహారీకి మాత్రం ఆ డబ్బు కావాలి. ఎటు నిలబడాలి? తమ కాలేజీ బతకాలా, వేర్పాటు చావాలా అన్న ఈ ఇరకాటాన్ని బయటినుంచి చూసి తీర్పు చెప్పడం తేలిక. మేము చెప్పబోవడం లేదు. ఒక్క మాట: అలబామాలోనో మిసిసిపిలోనో పుట్టిన నల్లపిల్లాడికి డెంటల్ కాలేజీ 'ఎంపిక' అన్నది లేదు. రాష్ట్రమే నాష్‌విల్ రైలు టికెట్టు కొనిపెట్టింది. అతను ఎంచుకోగలిగింది డిగ్రీ కాలేజీ ఒక్కటే.

ఆ ఒక్క ఎంపిక ఎంత పని చేసిందో చెప్పడానికి జార్జి సింకిన్స్ జీవితం చాలు. నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బరో ఊరు. తండ్రి కూడా డెంటిస్టే. సింకిన్స్ అలబామాలోని టల్లడెగా కాలేజీలో డిగ్రీ చదివి, మెహారీలో దంతవైద్యం చదివాడు. అప్పట్లో టల్లడెగా లైబ్రరీలో గోడల మీద హేల్ వుడ్రఫ్ 1939లో వేసిన పెద్ద బొమ్మలుండేవి: 1839లో అమిస్టాడ్ ఓడ మీద తిరగబడిన ఆఫ్రికన్లు, వాళ్ళ విచారణ, వాళ్ళు ఇంటికి తిరిగిపోవడం. జీవశాస్త్రం చదవడానికి ఆ లైబ్రరీలోకి పోయే విద్యార్థి రోజూ ఆ తిరుగుబాటు కింద నుంచి నడవాల్సి వచ్చేది. ఏ సిలబస్‌లోనూ లేని పాఠం అది.

ఊరికొచ్చి బోర్డు కట్టిన సింకిన్స్ 1955లో నల్లవాళ్ళను రానివ్వని మునిసిపల్ గోల్ఫ్ మైదానానికి మిత్రులతో వెళ్ళి ఆడి, అరెస్టయ్యాడు. 1962లో ఒక నల్ల విద్యార్థి జ్ఞానదంతం చీముపట్టి, దవడ వాచి, జ్వరంతో ఆయన దగ్గరికొచ్చాడు. ఆస్పత్రిలో చేర్చాలి. నల్లవాళ్ళ ఆస్పత్రిలో మంచం ఖాళీ లేదు. మోజెస్ కోన్, వెస్లీ లాంగ్ అనే రెండు తెల్ల ఆస్పత్రులూ కాదన్నాయి. ఆ రెండూ 1946 నాటి హిల్-బర్టన్ చట్టం కింద కేంద్రం డబ్బు తీసుకున్నవే. ఆ చట్టంలోనే 'వేరు కానీ సమానం' అన్న వెసులుబాటు రాసిపెట్టి ఉంది. అంటే నల్లవాళ్ళు కూడా కట్టిన పన్నుతో, నల్లవాళ్ళను రానివ్వని ఆస్పత్రి! మన ఊళ్ళల్లో ఊరుమ్మడి డబ్బుతో తవ్విన బావి గుర్తొస్తుంది. సింకిన్స్ మిగతా డాక్టర్లను, డెంటిస్టులను, రోగులను కూడగట్టి కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడిపోయారు. 1963 నవంబరులో అప్పీలు కోర్టులో గెలిచారు. 1964లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది, తీర్పు నిలిచింది. అమెరికా ఆస్పత్రుల్లో వేర్పాటును పగలగొట్టిన తొలి పెద్ద దెబ్బ అది. ఒక పన్ను నొప్పితో మొదలైంది.

ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ ఊళ్ళో రాబర్ట్ హేలింగ్ ఇంకొకరు. ఫ్లోరిడా ఏ అండ్ ఎం లో డిగ్రీ, మెహారీలో దంతవైద్యం. 1963 సెప్టెంబరులో కూ క్లక్స్ క్లాన్ సభ దగ్గర ఆయన్నూ మరో ముగ్గుర్నీ పట్టుకుని చావగొట్టారు. పక్కటెముకలు విరిగాయి, పళ్ళు రాలాయి. పళ్ళ డాక్టరు పళ్ళు రాలగొట్టడంలో వాళ్ళకేం సరదా కనబడిందో! హేలింగ్ లేచి నిలబడ్డాడు. 1964లో ఆ ఊరి ఉద్యమానికి మార్టిన్ లూథర్ కింగ్‌ను పిలిపించారు. కింగ్ అక్కడే అరెస్టయ్యాడు. ఆ జులైలోనే పౌరహక్కుల చట్టం వచ్చింది. మిసిసిపిలో 1954లో ఎన్.ఏ.ఏ.సీ.పీ. రాష్ట్ర అధ్యక్షుడు ఎమ్మెట్ స్ట్రింగర్ డెంటిస్టు. ఆయన తర్వాత వచ్చిన మెకాయ్ కూడా డెంటిస్టు.

ఇంతమంది డెంటిస్టులు ఎందుకున్నారు? యాదృచ్ఛికం కాదు. నల్ల టీచరుకు జీతమిచ్చేది తెల్ల స్కూలు బోర్డు, నల్ల పాలేరుకు కూలిచ్చేది తెల్ల భూస్వామి. ఉద్యమంలో కనబడితే మర్నాటికి పని ఉండదు. నల్ల డెంటిస్టుకు ఫీజు ఇచ్చేది నల్ల రోగులు. ఆయన్ను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు. స్ట్రింగర్ విషయంలో అందుకే చుట్టూ తిరిగి కొట్టారు: బ్యాంకు అప్పు ఆపారు, టీచరుగా ఉన్న భార్య ఉద్యోగం పీకేశారు. కానీ క్లినిక్ తలుపు మూయించలేకపోయారు. తన కాళ్ళ మీద తాను నిలబడే వృత్తి, తన జనమే తనను పోషించే వృత్తి రాజకీయంగా ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. భూమి లేని జాతికి ఇట్లాంటి వృత్తి ఒక చిన్న చెక్క భూమి లాంటిది.

మన సంగతికి వస్తే, ఇక్కడ ఇంకో పొర ఉంది. ఎంగిలి. కులవ్యవస్థ నోటి నీళ్ళకు ఇచ్చినంత శక్తి ఇంకే సమాజమూ ఇచ్చి ఉండదు. పీష్వాల పూణేలో ఉమ్ము నేలమీద పడకుండా అంటరానివాళ్ళు మెడలో ముంత కట్టుకు తిరగాలన్న నియమాన్ని అంబేద్కర్ 'కులనిర్మూలన'లో చెప్పాడు. తెలుగు పల్లెల్లో హోటళ్ళ దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటి సంగతి. అట్లాంటి దేశంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి ఎంగిలిలో చేతులు పెట్టే పని దంతవైద్యం. పూర్వం ఊళ్ళో పుళ్ళు కోసిందీ కట్లు కట్టిందీ మంగలి. అప్పుడది నీచం. అదే పనికి తెల్లకోటు, పట్టా, ఫీజు వచ్చాక అగ్రవర్ణాలకు ఎంగిలి అంటడం మానేసింది!

ఇండియాలో మొదటి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ పెట్టాడు. ఆయన అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో చదివి 1915లో పట్టా తీసుకున్నవాడు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో సర్కారు డెంటల్ కాలేజీ 1959లో మొదలైంది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్రంలోని కాలేజీ సీట్ల కమ్యూనల్ జీవోను కోర్టు కొట్టేశాక, మొదటి రాజ్యాంగ సవరణతో కాలేజీ సీట్లలో రిజర్వేషన్‌కు మళ్ళీ నిలబడే చోటు దొరికింది. తర్వాత ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1993లో మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఉన్నికృష్ణన్ కేసు తీర్పు క్యాపిటేషన్ ఫీజులకు కళ్ళెం వేసి, సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లుగా విడగొట్టింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పు ఆ పద్ధతిని తీసేసింది. ఇప్పుడు దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి, ఎక్కువ ప్రైవేటువే. మన దగ్గర తలుపు డిగ్రీ కాలేజీ దగ్గర కాక ఇంటర్ దగ్గర, 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో నీట్ దగ్గర ఉంది. పదిహేడేళ్ళకే తేలిపోవాలి. కోచింగుకు డబ్బున్నోడికి ముందే తేలిపోతుంది కూడా. అమెరికా పద్ధతిలో ఉన్న ఆ నాలుగేళ్ళ వ్యవధి, ఒక టల్లడెగా చేయగలిగిన పని, మన పిల్లలకు దొరకదు.

అట్లాగని అక్కడ అంతా అయిపోయిందనీ కాదు. 1950ల మొదట్లో వచ్చిన డెంటల్ ఆప్టిట్యూడ్ పరీక్షలో 1972 దాకా సుద్దముక్కను చెక్కి చూపించమనేవాళ్ళు. ఇప్పుడు దాని బదులు ఆకారాలను ఊహించే ప్రశ్నలున్నాయి. 1978లో బాకీ కేసు తీర్పు కోటాలను కొట్టేసింది, జాతిని ఒక అంశంగా చూడొచ్చంది. 2023లో హార్వర్డ్ కేసు తీర్పు అదీ కూడదంది. ఫ్రీమన్‌ను చేర్చుకున్న హార్వర్డ్ పేరుతోనే ఆ తీర్పు రావడం చూస్తున్నాం. నల్లవాళ్ళను చాలాకాలం బయటే ఉంచిన దక్షిణాది దంతవైద్య సంఘాలను అడ్డుకోనందుకు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2010లో క్షమాపణ చెప్పింది. జనాభాలో నల్లవాళ్ళు సుమారు 13 శాతం, డెంటిస్టుల్లో 4 శాతం లోపే. డెంటల్ కాలేజీ నుంచి బయటికొచ్చే విద్యార్థి మీద సగటున 3 లక్షల డాలర్ల దాకా అప్పు ఉంటోంది. అందుకే అక్కడి పేదపిల్లలకు తెలిసినవాళ్ళు చెప్పే సలహా ఒకటే: డిగ్రీ దగ్గరే అప్పు చేయొద్దు, సొంత రాష్ట్రం సర్కారు కాలేజీలో చదువు. డెంటల్ కాలేజీలు ఫలానా సబ్జెక్టులోనే డిగ్రీ ఉండాలని అడగవు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం కోర్సులు, మంచి మార్కులు, పరీక్ష స్కోరు అడుగుతాయి. సిఫారసు ఉత్తరం రాసే పంతులు నిన్ను పేరుతో ఎరిగి ఉండాలి. రెండువందల మంది కూర్చునే హాల్లో ఆ పంతులు దొరకడు.

ఈ చరిత్ర నుంచి మేము తీసుకున్న పని ఒకటుంది. మన రెండు రాష్ట్రాల డెంటల్ కాలేజీల గురించి ఏ ర్యాంకు జాబితాలోనూ లేని లెక్కలు కావాలి. మీ కాలేజీలో మీ బ్యాచిలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చేరారు? ఎంతమంది మొదటి ఏడాది దాటారు? ప్రాక్టికల్లో ఒకే సబ్జెక్టు ఎంతమందికి ఎన్నిసార్లు ఆగింది? ఫీజు రీయింబర్స్‌మెంటు రానందుకు సర్టిఫికెట్లు ఆపిన సందర్భాలున్నాయా? హాస్టల్ ఎంత దూరం? పనిముట్ల కిట్టు ఎవరు కొన్నారు, ఎంతకు? అక్కడ దళిత అధ్యాపకులు ఎంతమంది? పేర్లు అక్కర్లేదు. చేరిన ఏడాది, కాలేజీ, అంకెలు చాలు. చదువుతున్నవాళ్ళూ, చదువు మధ్యలో ఆపాల్సొచ్చినవాళ్ళూ రాసి పంపండి. ఆపాల్సొచ్చినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలు మాకు మరీ అవసరం, ఎందుకంటే కాలేజీ రికార్డుల్లో వాళ్ళ లెక్క ఉండదు.